అట లేని కథ

మా అపార్ట్‌మెంటు కాపలాదారు చలికాలం సాయంత్రాల్లో గేటు పక్కన ఒక పాత నూనె డబ్బాకు చిల్లులు పొడిచి అందులో రాతిబొగ్గు రాజేస్తాడు. అతని బావమరిది గోదావరిఖనిలో ఉంటాడు, వచ్చినప్పుడల్లా ఒక సంచి మోసుకొస్తాడు. కరీంనగర్‌లో ఇప్పుడు బొగ్గు మీద వండేవాళ్ళు లేరు కాబట్టి ఆ పొగ చాలామందికి చెత్త కాలుతున్నట్టు ఉంటుంది, కిటికీలు మూసుకుంటారు. నేను మూయను. మొదట కుళ్ళిన గుడ్డు లాంటి ఘాటు వస్తుంది, తర్వాత తడిసిన రాయి వాసన, నిప్పు బాగా అంటుకున్నాక వాసనంటూ లేని వేడి, వరసగా మూడో అంతస్తు ఎక్కి నా రాతబల్ల దాకా వస్తాయి. వాసన తెలుస్తుంది, అది ఎక్కడిదో తెలుస్తుంది, కళ్ళలో నీళ్ళు మాత్రం రావు. చిన్నప్పుడూ రాలేదు.

నేను పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లల కోసం అద్భుత నవలలు రాస్తాను. నీడలు అమ్ముకునే సంత, ఏడాదికోసారి చోటు మార్చుకునే ఊరు, మాటిస్తే రంగు మారే రాళ్ళు, ఇలాంటివి. వేసవి సెలవుల్లో మా చర్చి హాలులోనే పిల్లల్ని కూర్చోబెట్టి కథలు రాయడం నేర్పుతాను. పోయిన వేసవిలో రెండు జడల అమ్మాయి ఒకతె లేచి, "లేని లోకాన్ని ఉన్నట్టు నమ్మించడం ఎట్ల మేడమ్?" అని అడిగింది. ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. ఆ లోకానికి కట్టుబాట్లుండాలి, మాయకు హద్దుండాలి, లోపలికి పోయే దారి ఎక్కడుందో రాసేవాళ్ళకు తెలియాలి అని. ఆ అమ్మాయి శ్రద్ధగా రాసుకుంది. నమ్మించడం అంత కష్టమైన పని కాదు. నమ్మినవాణ్ణి మళ్ళీ ఇవతలికి తీసుకురావడం ఎలాగో మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు.

మా బాల్యం బెల్లంపల్లి దగ్గర ఒక బొగ్గు బాయి లైన్లలో గడిచింది. గనిని అక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. స్టేషన్‌లో ఉర్దూ అక్షరాల పలక ఇంకా ఉండేది, మా బడిలో పెద్ద పంతులు హాజరు ఇంకా ఉర్దూలోనే పిలిచేవాడు. లైన్లంటే ఒకే గోడకు అటూ ఇటూ అంటించిన అరల్లాంటి ఇళ్ళు, మీద రేకులు. ఎండాకాలం రేకులు చిటపటలాడేవి, మధ్యాహ్నం లోపల ఉండలేక అందరూ వేపచెట్ల కింద గోనెపట్టాలు పరుచుకునేవాళ్ళు. అప్పుడే అడవి వైపు నుంచి గోండు ఆడవాళ్ళు తునికిపండ్లు, మొర్రిపండ్లు గంపల్లో తెచ్చేవాళ్ళు, వాళ్ళ బట్టలకు ఇప్పపూల తియ్యటి వాసన పట్టి ఉండేది. వానాకాలం బొగ్గుపొడి బురదగా మారి మోకాళ్ళ దాకా నల్ల మేజోళ్ళు తొడిగినట్టు అయ్యేది. చలికాలం ప్రతి గడప ముందూ పొయ్యి రాజేసి వీధికి ఈ చివర నుంచి ఆ చివర దాకా పొగ ఒక దుప్పటిలా కమ్ముకునేది. ఆ పొగలో మేం చిర్రగోనె, అంటే బిళ్ళంగోడు, ఆడేవాళ్ళం. చిర్ర కనబడదు, మోగితే ఎటు పోయిందో చెవితో పట్టుకోవాలి.

మా వరసలో నాగపూర్ నుంచి వచ్చిన వాళ్ళుండేవాళ్ళు, గోరఖ్‌పూర్ నుంచి వచ్చిన వాళ్ళు, ఒరిస్సా వాళ్ళు, కరీంనగర్ పల్లెల నుంచి పొలాలు పండక వచ్చిన వాళ్ళు. పిల్లలం గోటీలు మార్చుకున్నట్టు దయ్యాల్ని మార్చుకునేవాళ్ళం. నాగపూర్ వాళ్ళ పిల్ల పాదాలు వెనక్కి తిరిగిన ఆడమనిషిని ఇస్తే, గోరఖ్‌పూర్ పిల్లవాడు చింతచెట్టు మీద కూర్చుని తంబాకు అడిగే ముసలివాణ్ణి ఇచ్చేవాడు. మా ఇంట్లో దయ్యాలు లేవు. మేం ప్రార్థన చేసుకునే వాళ్ళం. అందుకని నేను మార్చుకోవడానికి మా బాపు, అంటే నాన్న, చెప్పే కథలు పట్టుకెళ్ళేదాన్ని.

బాపుది ఇచ్చోడ దిక్కు. మాట మధ్యలో మరాఠీ తగిలేది. సెలవు రోజున ఒళ్ళు రుద్దుకుని స్నానం చేసినా కళ్ళ అంచుల్లో బొగ్గు కాటుకలా మిగిలేది. ఆదివారం ఉదయం ఆరాధన, మధ్యాహ్నం కోడికూర, జొన్నరొట్టె, తర్వాత వాకిట్లో మంచం వాల్చి, "ఒక ఊర్లె ఒక రాజుండెనట," అని మొదలుపెట్టేవాడు. నేనూ, తమ్ముడు రత్నం, చుట్టుపక్కల పిల్లలూ మంచం కోళ్ళకు అంటుకుని కూర్చునేవాళ్ళం. రత్నానికి అప్పుడు అయిదేళ్ళు, నాకు పదకొండు. ఒకసారి దారిన పోతూ మా చర్చి సంఘ పెద్ద ఆగాడు. ఆయన బాయిలో లెక్కలు చూసే గుమాస్తా, కండువా ఎప్పుడూ ఇస్త్రీ మడతలతో ఉండేది.

"ఏమయ్యా, ప్రభువు దినాన పిల్లలకు అవద్దాలు నేర్పుతున్నవ్?"

"అట పెట్టి చెప్తున్న గదా పెద్దయ్యా. నేను సూసిన అంటలేను."

"అట పెడితె అవద్దం నిజమైతదా?"

"నిజం గాదు, అవద్దం గాదు. కత అయితది. కూసో, నువ్వు గూడ ఇను," అన్నాడు బాపు, కాళ్ళు ముడుచుకుని మంచం మీద చోటు చేస్తూ. పెద్దాయన కూర్చోలేదు. కానీ రాజు ఏమయ్యాడో తేలేదాకా కదల్లేదు కూడా.

ఆ వీధిలో నేను క్రియలకు మూడు తోకలుంటాయని నేర్చుకున్నాను. ఇంట్లో మాట్లాడితే పోయిండు, వచ్చిండు. కథలో అయితే పోయిండట, వచ్చిండట. చర్చిలో అయ్యగారు వాక్యం చదివితే వెళ్ళెను, వచ్చెను. ఎవరూ నేర్పలేదు, చెప్పులు ఎక్కడ విడవాలో తెలిసినట్టు తెలిసేది. ఏది ఎక్కడ వాడకూడదో కూడా తెలిసేది. ఆదివారం సాయంత్రం సాక్ష్య కూటంలో నిలబడి దేవుడు నీకు చేసిన మేలు చెప్పేటప్పుడు అట రాకూడదు. శాంతమ్మ అనే ముసలామె ఒకసారి లేచి, "పోయిన శుక్రారం నాకు జరమొచ్చె. ప్రార్థన చేసుకున్న. దేవుడు నాకు మంచిగ చేసిండట," అంది.

వెనక బెంచీ నుంచి సంఘ పెద్ద, "మంచిగైంది నీకా, పక్కింటామెకా?" అన్నాడు.

"నాకేనయ్యా."

"మరి అట ఏందవ్వా? అప్పుడు నువ్వు నీ ఒంట్ల లేవా?"

"జరంల నాకేమెరుక? కోడలు చెప్పింది," అందామె. బెంచీలన్నీ నవ్వాయి, అయ్యగారు కూడా చేతి రుమాలు అడ్డం పెట్టుకున్నారు. మా బాపు మాత్రం ఇంటికొచ్చే దారిలో, ఆమె చెప్పిందే సరిగ్గా ఉంది, తను చూడని దాన్ని చూసినట్టు చెప్పలేదు అన్నాడు.

బాపు కథల్లో ఒకటి మాత్రం ఇప్పుడు నా వృత్తికి పనికొస్తుంది. కప్పుకుంటే మనిషి మాయమయ్యే గొంగడి ఒకటి ఉండేదట. దాన్ని సంపాదించిన గొల్లవాడు రాక్షసుడి కోటలోకి పోయి, తలుపు దాటి, మెట్లు దాటి, మంచం దాకా పోయి అక్కడ దగ్గుతాడు. బాపు స్వయంగా దగ్గి చూపించేవాడు. ఒక్కోసారి ఆ దగ్గు కథ కోసం మొదలై కథ అయిపోయినా ఆగేది కాదు, అవ్వ, అమ్మను మేం అలాగే పిలిచేవాళ్ళం, లోపల నుంచి నీళ్ళు తెచ్చేది. గొంగడి దగ్గును కూడా దాచొచ్చు కదా అని నాగపూర్ పిల్ల అడిగితే, "గొంగడి మనిషిని దాస్తది గని దగ్గును దాస్తదా? అన్నీ దాస్తె ఇగ కతేముంటది బిడ్డా," అన్నాడు. మాయకు హద్దుండాలని పిల్లలకు నేను చెప్పే పాఠం అంతా ఆ వాక్యమే.

కోత పండుగ అయిన వారం అది. చర్చి ముందు విశ్వాసులు తెచ్చిన గుమ్మడికాయలు, జొన్న కంకులు, కాళ్ళు కట్టిన కోళ్ళు వేలం వేసి, మిగిలిన గుమ్మడికాయ ముక్కలు ఇంటింటికీ పంచారు. ఆ ముక్క మా ఇంట్లో బెల్లంతో ఉడుకుతోంది, అవ్వ పక్క పొయ్యి మీద రొట్టెలు చేస్తోంది. షిఫ్టు మారే వేళ కాకుండా సైరన్ కూసింది. ఒకసారి కూసి ఆగకుండా కూస్తూనే ఉంది. వీధిలో ఆడవాళ్ళందరూ ఉన్నవాళ్ళు ఉన్నట్టు లేచి బాయి వైపు నడిచారు, ఎవరూ పరుగెత్తలేదు. అవ్వ కూడా పిండి చేతులతోనే వెళ్ళింది. పెనం మీద రొట్టె మాడుతోందని నేను తిప్పాను. రెండో వైపు కూడా కాల్చి తీసి గిన్నెలో పెట్టి మూత పెట్టాను. దాన్ని ఎవరు తిన్నారో గుర్తులేదు.

లోపల పైకప్పు బండ పడింది. బాపుతో పాటు పనిచేసే మల్లయ్య కాక బయటపడ్డాడు, బాపు రాలేదు. మర్నాడు తీశారు. పెట్టెకు మేకులు కొట్టే తెచ్చారు, తెరవలేదు. చిన్నపిల్లలు చూడకూడదని నన్నూ రత్నాన్నీ పక్కింటి పోశవ్వ తన ఇంట్లో కూర్చోబెట్టుకుంది. గోడ అవతల పాటలు వినిపించాయి. తర్వాత అయ్యగారి గొంతు, ఆరాధనలో చదివినట్టే నిదానంగా, మన సహోదరుడు ప్రభువునందు నిద్రించెను అంది. మాలో చనిపోయారని అనరు, అలాగే అంటారు. నేను పుట్టినప్పటి నుంచి వింటున్న మాట కాబట్టి నాకు అర్థమైంది. రత్నానికి ఆ మాట వినడం అదే మొదటిసారి.

"బాపు ఏడ పండుకున్నడు?" అని అడిగాడు.

పోశవ్వ మా సంఘం మనిషి కాదు, మా మాటలు ఆమెకు తెలియవు. ప్రాణం పోయిన చోటు అడుగుతున్నాడనుకుని, "బాయిలనే బిడ్డా, బాయిలనే," అని కొంగుతో మూతి తుడుచుకుంది.

అలా ఒక మాట మా వాళ్ళది, ఒక మాట పక్కింటి వాళ్ళది కలిసి మా తమ్ముడి తలలో బాపు బాయిలో పడుకుని ఉన్నాడు.

ఆ తర్వాతి రోజుల్ని గుర్తు చేసుకోవాలంటే ఎత్తిపెట్టిన గిన్నెలు గుర్తొస్తాయి. ఎవరో ఒకరు గిన్నెలతో అన్నం తెచ్చేవాళ్ళు, మేం తినేవాళ్ళం, గిన్నెలు కడిగి ఇచ్చేవాళ్ళం. అవ్వ ఏడవలేదు. ఏడిస్తే మంచిదని ఆడవాళ్ళు వచ్చి కూర్చుని తామే ఏడ్చి పోయేవాళ్ళు. నేనూ ఏడవలేదు. కాలు మీద కూర్చుంటే తిమ్మిరెక్కి మనది కానట్టు అవుతుంది చూడండి, ఒళ్ళంతా అలా ఉండేది. ప్రార్థనకు మోకరిస్తే మాటలు వచ్చేవి, వరస తప్పకుండా వచ్చేవి, ఎవరో పక్కన నిలబడి చెబుతున్నట్టు వినేదాన్ని. దేవుడు లేడని ఒక్క క్షణం కూడా అనిపించలేదు. ఉన్నాడని తెలుసు, చెయ్యి చాచాలని అనిపించేది కాదు.

రత్నం తినడం మానేశాడు. ముద్ద నోట్లో పెడితే బుగ్గన పెట్టుకుని కూర్చునేవాడు. ఒక సాయంత్రం, "అక్కా, బాపు ఎందుకు లేస్తలేడు?" అన్నాడు.

"బాయి లోపలికంటె లోపల ఇంకో ఊరున్నది," అన్నాను నేను. "ఆడ పండుకున్నోళ్ళకు సైరన్ ఇనబడదు."

అనుకుని అన్నది కాదు. నోరు తెరిస్తే వచ్చింది. అట రాలేదు. నిజం చెప్పడానికి మాట లేదు, కథ చెప్పడానికి ఓపిక లేదు, ఆ రెండింటి మధ్య ఏదో ఒకటి దానంతట అది బయటికొచ్చింది. రత్నం బుగ్గలో ముద్ద మింగి, "ఊరు పేరేంది?" అన్నాడు. వాడు మింగడం చూసి అవ్వ తల తిప్పి నన్ను చూసింది. చెప్పు అన్నట్టే చూసింది.

రోజూ సాయంత్రం అన్నం వేళకు ఆ ఊరు కొంచెం కొంచెం పెరిగింది. బాపు ఒకసారి ఆకు అచ్చు పడ్డ రాయి తెచ్చి చూపించి, బొగ్గంటే ఒకప్పటి అడవి అన్నాడు. నేను ఆ అడవిని నిలబెట్టాను. నల్లటి చెట్లు, నల్లటి ఆకులు, వాటి కింద మనుషులు వెల్లకిలా పడుకుని ఉంటారు, వాళ్ళ టోపీ దీపాలు మాత్రం వెలుగుతుంటాయి. రత్నం ఊరికే వినేవాడు కాదు. "ఆకలైతె?" అనేవాడు. నిద్రలో ఆకలి ఉండదన్నాను. "నిద్రల ఆకలైతది, నాకైతది," అన్నాడు. అయితే చెట్ల నుంచి చుక్కలు చుక్కలుగా అంబలి పెదాల మీద పడుతుందన్నాను. "బాపుకు దగ్గు?" అన్నాడు. కొంచెం ఆలోచించి, దగ్గు ఉంటుంది, నిద్రలోనే దగ్గుతాడన్నాను. వాడు తృప్తిగా తల ఊపాడు. నా పుస్తకాలు ఆ తర్వాత చాలామంది సంపాదకులు చూశారు. నేను కట్టిన లోకంలో కాలు పెట్టి ఇక్కడ గుల్లగా ఉంది, ఇక్కడ గట్టిగా ఉంది అని అంత సూటిగా తడిమి చెప్పినవాళ్ళు మళ్ళీ దొరకలేదు. ఆ వయసు పిల్లలు నమ్మడానికి సిద్ధంగా ఉంటారు, అందుకే తప్పు దొరికితే వదలరు.

చివరికి వాడు అడగవలసింది అడిగాడు. "మరి ఎట్ల లేస్తరు?"

"పేరు పెట్టి పిలిస్తె లేస్తరు."

"మల్లయ్య కాక పిలుస్తడు గదా, రోజు పోతడు."

"పనోళ్ళు పిలిస్తె ఇనబడదు. సొంత పిల్లలు పిలవాలె. చెవుల పిలవాలె."

కథకు అది బాగా అతికిందని నాకనిపించింది. ఆ రాత్రి రత్నం రొట్టె మొత్తం తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం షిఫ్టు మారాక మల్లయ్య కాక వాణ్ణి భుజాన వేసుకుని వచ్చాడు. రత్నం చేతిలో అంబలి పోసిన చిన్న చెంబు, అందులో సగం కాక వీపు మీద ఒలికింది. మాది ఏటవాలుగా నడిచి దిగే బాయి, మూతి దగ్గర కాపలావాడు ఉంటాడు గానీ పని దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ తోసుకునే వేళ మోకాలెత్తు పిల్లవాడు కనబడడు.

"వదినా, వీనిది సూసినవా," అన్నాడు కాక వాణ్ణి దింపుతూ. "మంది కాళ్ళ నడుమకెల్లి దూరి పోతుండు. జరైతె పట్టాల మీద పడుతుండె, బొగ్గు తొట్లు వస్తున్నయి. ఏడికిరా పోరడా అంటె బాపును లేపనీకి అంటుండు."

అవ్వకు మర్నాటి నుంచి బాయి మీద బొగ్గులోంచి రాళ్ళు ఏరే పని ఇచ్చారు, పొద్దున పోతే సాయంత్రం గానీ రాదు. నాకు బడి. రత్నాన్ని చూసేవాళ్ళు లేరు.

"మళ్ళ పోతవా?" అన్నాడు కాక, కోపంగా కాదు, తెలుసుకోవాలని.

"పోత."

"నేను పట్టుకుంట."

"నువ్వు సూడంగ పోను," అన్నాడు రత్నం. కాక నవ్వబోయి మానుకున్నాడు. అవ్వ తన పాత చీర కొంగు చింపి వాడి నడుముకు చుట్టి రెండో కొస మంచం కోడుకు కట్టింది. వాడు ఏడవకుండా ముడి వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ ముడి విప్పుకోవడం వాడికి ఎన్నాళ్ళో పట్టదని అందరికీ తెలుసు.

సాయంత్రం అయ్యగారు వచ్చారు. మంచివాడు, మెత్తనివాడు, ఎండలో సైకిలు తొక్కి తొక్కి మెడ వెనక చర్మం ఊడిపోతుండేది. వాడి పక్కనే కింద కూర్చుని, "బాబూ, మీ బాపు ప్రభువు సన్నిధిలో ఉన్నాడు," అన్నారు.

"లేచిండా?" అన్నాడు రత్నం.

"ఇంకా లేదు. నిద్రించిన వాళ్ళందరూ ఒకనాడు లేస్తారు. ప్రభువు పేరు పెట్టి పిలుస్తాడు."

రత్నం నా వైపు గర్వంగా చూశాడు. "అక్క గూడ గదే చెప్పింది."

అయ్యగారు నన్ను అడిగారు, నేను కథ అంతా చెప్పాను. ఆయన కోప్పడలేదు. తన చెప్పుల వైపు చూస్తూ, "నా మాటలు వీడి దగ్గరికి పోతే నీ కథలో కలిసిపోతున్నాయమ్మా," అన్నారు. "నువ్వే చెప్పాలి. నీ మాటే వింటడు." అప్పటిదాకా ఆయన నోట మా లైన్ల మాట రాగా ఎప్పుడూ వినలేదు.

అవ్వ రొట్టెలు చేస్తోంది. నేను రత్నం ముందు గిన్నె పెట్టి నడుము కట్టు విప్పాను. ఎలా చెప్పాలో నేను ఆలోచించలేదు. కథ మధ్యలో ఉంది కాబట్టి కథలోంచే రావాలనిపించింది.

"బాయి లోపలికంటె లోపల ఒక ఊరున్నదట," అన్నాను.

రత్నం రొట్టె తుంచబోయి ఆగాడు. "ఉన్నదట గాదు. ఉన్నది."

"ఉన్నదట. ఆడ నల్లటి చెట్లున్నయట. మనుషులు పండుకొని ఉన్నరట."

"నిన్న అట అనలే నువ్వు."

"ఇయ్యాల అంటున్న."

వాడు కింది పెదవి మడిచి కొరుక్కున్నాడు. నా నోట్లో ఆ రెండక్షరాలు ఇసుకలా ఉన్నాయి, ప్రతి మాట చివరా పెట్టాను. టోపీ దీపాలు వెలుగుతున్నయట. అంబలి చుక్కలు పడుతున్నయట. చెప్తున్న కొద్దీ ఆ ఊరు దూరం జరిగింది, బాపు మంచం చుట్టూ కూర్చుని విన్న అన్ని ఊళ్ళ పక్కకూ పోయి నిలబడింది.

"బాపు గూడ ఉన్నడట అంటవా?" అన్నాడు రత్నం.

"అనను. బాపు ఆ ఊర్లె లేడు."

"మరి ఏడున్నడు?"

"సమాధుల తోటల. సచ్చిపోయిండు."

మా ఇంట్లో ఆ మాట ఎవరైనా అనడం అదే మొదలు. అవ్వ అరచేతుల్లో రొట్టె తట్టే చప్పుడు ఆగింది. కొంచెం సేపటికి మళ్ళీ మొదలైంది.

"అయ్యగారు నిద్రించిండు అన్నడు."

"పెద్దోళ్ళు గట్ల అంటరు."

"లేవడా?"

"ప్రభువు వచ్చిననాడు లేస్తడు. మనం పిలిస్తె లేవడు."

వాడు నా ముఖం లోకి చూశాడు. నేను కట్టిన ఊళ్ళో కాలు పెట్టి తడిమినట్టే ఇక్కడా తడిమాడు.

"గిది అటనా?"

"కాదు."

ఆ ఒక్క మాట అన్నప్పుడు నాకు ఏమైనా అనిపించి ఉంటే రాయాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఏమీ అనిపించలేదు. సాక్ష్య కూటంలో బాపు లేచి నిలబడి తన మాట చెప్పి కూర్చున్నట్టు నేనూ అని ఊరుకున్నాను. ఆనాటి నుంచి ఈనాటి దాకా ఆ మాట మార్చుకోవాల్సిన అవసరం నాకు రాలేదు. రత్నం నీళ్ళు అడిగాడు, ఇచ్చాను. రొట్టె సగం తిని అవ్వ కొంగు కింద దూరి నిద్రపోయాడు. మర్నాడు మంచానికి కట్టలేదు. వాడు బాయి వైపు పోలేదు, వీధిలో పిల్లలతో చిర్రగోనె ఆడటం చూశానని పోశవ్వ చెప్పింది.

సంఘంలో కొందరు, విశ్వాసివై ఉండి మాయలు మంత్రాలు రాస్తావేమిటమ్మా అని ఇప్పటికీ అడుగుతారు. నా పుస్తకాల్లో నదులు మాట్లాడతాయి, ఊళ్ళు నడుస్తాయి, గొంగళ్ళు మనుషుల్ని దాస్తాయి. చనిపోయినవాళ్ళను మాత్రం నేను లేపను. ఏ మూలికా, ఏ మంత్రమూ, ఏ పిల్లవాడి పిలుపూ ఆ పని చేయదు. అది నా పని కాదు, ఎవరి పనో నాకు తెలుసు. పుస్తకాల్లో అట పెట్టి రాయడం ఇప్పుడు అలవాటు లేదు, వాడు, ఆమె, వచ్చాడు, వెళ్ళింది అని నేరుగా రాస్తాం. అందుకని ఆ రెండక్షరాలు చేసే పని ఇంకో రకంగా చేయాలి. చివరి అధ్యాయంలో పిల్లల్ని వాళ్ళ వీధికి, వాళ్ళ అన్నం గిన్నె దగ్గరికి తెచ్చి కూర్చోబెట్టే దాకా నేను కలం కింద పెట్టను.

ఆ బాయి మూతిని కాంక్రీటుతో మూసేశారు. లైన్లు కూల్చేశారు, వేపచెట్లు ఉన్న చోట పైనుంచి తవ్వే గని తాలూకు మట్టి గుట్టగా పోశారు, దాని మీద సుబాబుల్ మొక్కలు నాటారు. చర్చి రోడ్డు పక్కకు మారింది, సమాధుల తోట గుట్ట నీడలో ఉంది. పోశవ్వ లేదు, మల్లయ్య కాక లేడు, అవ్వ కూడా పోయింది. గోండు ఆడవాళ్ళ గంపల్లో వచ్చే మొర్రిపండ్లు మా మనవలకు చూపించాలంటే జైనూర్ దాకా పోవాలేమో, అక్కడైనా ఉన్నాయో లేదో. పొగలో చిర్ర మోత వినడానికి చెవి ఒగ్గి నిలబడ్డ పిల్లలు ఇప్పుడు నాలాగే మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కుతున్నారు.

రత్నం మంచిర్యాలలో ఉంటాడు. బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు, అక్కడి సంఘంలో పెద్ద. ఆ సాయంత్రం తర్వాత వాడు నన్ను ఎప్పుడూ కథ అడగలేదు. నా పుస్తకాలు ఒక్కటీ చదవలేదు, ప్రతి పుస్తకం పంపిస్తాను, బీరువాలో వరసగా పెట్టుకుంటాడు. పోయిన డిసెంబరులో నేను వాళ్ళింటికి వెళ్ళినప్పుడు వాడి మనవరాలు, ఎనిమిదో తరగతి పిల్ల, బీరువాలోంచి ఒకటి తీసి వసారాలో చదవబోతోంది. రత్నం కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఆ పిల్ల దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను లోపల ఉన్నానని వాడికి తెలుసు, వింటున్నానని తెలియదు.

"ఇది నువ్వు ఇంతకుముందు సదివినవా బిడ్డా?"

"సగం చదివిన తాతా, మా ఫ్రెండ్ దగ్గర. ఆఖరు గూడ చూసిన."

"అండ్ల సచ్చిపోయినోళ్ళు మళ్ళ వస్తరా?"

"రారు తాతా."

"అయితె సదువు," అన్నాడు రత్నం, వెలుతురు ఆమె మీద పడేలా తలుపు కొంచెం తెరిచి లోపలికి వచ్చాడు.